తుమ్ముకీ జబ్బుకీ ఏమిటి సంబంధం?

నాది ఆడిట్ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లు తిరిగి, పాత ఫైళ్ల దుమ్ము దులిపి, పోయిన రూపాయికి బాధ్యులెవరో తేల్చి రాస్తుంటాను. నలభై సిమెంటు బస్తాలు తక్కువైతే ఎవరి సంతకం కింద తక్కువయ్యాయో చెప్పగలను. జీపుకి కొట్టించిన డీజిలు లాగ్‌బుక్కులో ఏ పేజీ దగ్గర ఆవిరైపోయిందో వేలు పెట్టి చూపించగలను. అలాంటి నేను, మొన్న శ్రావణంలో మా ఇంట్లో వరసపెట్టి అందరికీ వచ్చిన జలుబుకి బాధ్యులెవరో తేల్చే పని నెత్తిన వేసుకుని, వారం రోజులపాటు అది తేలకుండా ఉండటానికి పడ్డ పాట్లు ఇక్కడ రాసుకుంటున్నాను. చివరికి ఎలాగూ దొరికిపోయాను కాబట్టి రాయడానికి సిగ్గేమీ మిగల్లేదు.

మా ఇంట్లో జబ్బు ఊరికే రావడానికి వీల్లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి ఉండాలి. ఒళ్లు వెచ్చబడిందంటే థర్మామీటరు వెతికేలోపే "నిన్న ఎండలో తిరిగావా?" అని అడుగుతారు. కడుపునొప్పి అంటే "బయట ఏం తిన్నావ్?" నడుంనొప్పి అంటే "చెబితే విన్నావా?" ఈ చివరిది ప్రశ్న కూడా కాదు, తీర్పు. ముందు తీర్పు, తర్వాత విచారణ, ఆ తర్వాత తీరిక దొరికితే మందు.

మా అమ్మది తెనాలి. ఆమె లెక్కలో లోకంలోని పదార్థాలన్నీ రెండే రకాలు, వేడి చేసేవీ చలవ చేసేవీ. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ, బొప్పాయి వేడి, పెసరపప్పు చలవ. ఈ రెంటికీ లొంగని జబ్బయితే దిష్టి. మా ఆవిడ ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోదు. ఆమెకి జబ్బులన్నీ రెండే దారుల్లో వస్తాయి. ఒకటి ఏసీ, రెండు నేను. నేను ఆఫీసు నుంచి వస్తూ దారిలో తినే పునుగులు, ఏసీని ఇరవై మీద పెట్టి దుప్పటి కప్పుకునే నా అలవాటు, ఇవి లేకపోతే ఈ ఇంట్లో అందరూ నూరేళ్లు బతుకుతారని ఆమె నమ్మకం.

నాది సైన్సు పక్షం. పదిహేనేళ్లుగా మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టిన ప్రతిసారీ నేను రొనాల్డ్ రాస్ కథ ఎత్తుకునేవాణ్ణి. మేముండేది సికింద్రాబాదు వైపే. బేగంపేట మీదుగా వెళ్లినప్పుడల్లా రాస్ పనిచేసిన ఆ పాత భవనం ఉన్న వైపు చెయ్యి చాపి మా అమ్మాయికి చెప్పేవాణ్ణి. మలేరియా అంటే ఇటలీ భాషలో 'చెడ్డ గాలి' అని అర్థం. అన్ని వందల ఏళ్లు మనుషులు గాలి మీద నింద వేశారు. 1897 ఆగస్టు 20న ఇక్కడ కూర్చుని రాస్ ఒక దోమ కడుపు కోసి, మలేరియా క్రిమిని చూసి, గాలిని నిర్దోషిగా విడుదల చేశాడు. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ దోమలకి తన ఒళ్లు అప్పగించినవాడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి. దోమకి అణా చొప్పున తీసుకున్నాడు. ఇంత వైభవమైన నేల మీద ఉంటూ గుప్పెడు ఉప్పు తిప్పుతావేమిటమ్మా అని నేను. "ఆ హుసేన్ ఖానుకి ఇంట్లో ఎవరూ దిష్టి తియ్యలేదేమో పాపం, అందుకే దోమలు అన్ని కుట్టాయి" అని ఆవిడ.

ఇక నేరం సంగతి. శ్రావణంలో ఒక గురువారం నాడు ఆఫీసులో మా పక్క సీటు ఆయన గడ్డం కింద మాస్కు పెట్టుకుని వచ్చి, రోజంతా నా ఫైళ్ల మీద ముక్కు చీదాడు. శనివారం సాయంత్రానికి నా గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు మొదలైంది. ఆదివారం కొంపల్లిలో మా బావమరిది గృహప్రవేశం. వారం ముందే ఫోను చేసి చెప్పాడు. "బావగారూ, వంటవాళ్లని భీమవరం నుంచి రప్పిస్తున్నాం. పూర్ణం బూరెలు, పనసపొట్టు కూర, గుత్తివంకాయ. మీరు మాత్రం ఖాళీ కడుపుతో రావాలి."

జలుబు చేసిందని నోరు జారితే మా ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. "అక్కడ పసిపిల్లలుంటారు. మీరు ఇంట్లో ఉండండి, పెరుగన్నం పెట్టి వెళ్తాను." భీమవరం వాళ్ల పనసపొట్టు కూరకీ పెరుగన్నానికీ మధ్య నిలబడితే, ఇరవై ఆరేళ్ల నిజాయితీపరుడైన ఉద్యోగి ఏం చేస్తాడు? మందుల షాపుకి వెళ్లి పది మాత్రల పట్టీ కొన్నాడు. గుటుక్కున ఒకటి మింగాడు. "ముక్కు అదోలా ఉందేంటండీ?" అని ఆవిడ అడిగితే "డస్ట్ ఎలర్జీ" అన్నాడు.

ఈ 'డస్ట్ ఎలర్జీ' నేను 2020లో నేర్చుకున్న మాట. ఆ రోజుల్లో తుమ్మితే లిఫ్టులో జనం గోడకి అంటుకుపోయేవారు. అప్పుడు ప్రతి తుమ్ము వెనకా వివరణ జతపరచాల్సి వచ్చేది. దుమ్ము అంటే ఎవరికీ కోపం రాదు. దుమ్ము అంటుకునే రోగం కాదు, పైగా నా ఉద్యోగానికి దుమ్ము నప్పుతుంది కూడా.

ఆదివారం పొద్దున పట్టుబట్టలతో అందరం గుమ్మం దాటబోతుండగా వచ్చింది తుమ్ము. చిన్నదేం కాదు. గుమ్మానికి కట్టిన మామిడాకులు కదిలాయి. అమ్మ వెంటనే చేత్తో అడ్డం పెట్టింది. "ఆగరా. ఒంటితుమ్ము. కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరు." కూర్చున్నాను. గ్లాసుతో నీళ్లిచ్చింది. సగం తాగాను. టైమైపోతోందని మిగతా సగం మా అమ్మాయి ఎత్తకుండా కరుచుకుని తాగేసింది. ఆ గ్లాసు వంక నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. నా మొత్తం పాపం ఆ సగం గ్లాసులో ఉంది. తర్వాత కారు అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, నలుగురం గంటసేపు ఒకే గాలి పంచుకుంటూ కొంపల్లి చేరాం.

పాపానికి ఫలితం దక్కిందా అంటే అదీ లేదు. ముక్కు దిబ్బడేసినవాడికి రుచేం తెలుస్తుంది? పూర్ణం బూరె కొరికితే దూది కొరికినట్టుంది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టారని పక్కన కూర్చున్నాయన మెచ్చుకుంటుంటే నేనూ తలూపాను. "ఇంకో బూరె వెయ్యండి బావగారికి" అని వాళ్లు వెయ్యడం, నేను మింగడం. ఏమీ తెలియకుండానే ఏడు బూరెలు తిన్నాను. ఇంత రుచిలేని నేరం ఏ ఆడిట్ ఫైల్లోనూ చూళ్లేదు.

మంగళవారం మా అమ్మాయి తుమ్మింది. బుధవారం మా ఆవిడ. గురువారానికి అమ్మ గొంతు పోయింది. పడిశం పది రోగాల పెట్టు అని ఊరికే అనలేదు. ఇంట్లో ఏ గదిలో చూసినా ముక్కుల రుమాళ్లూ వేణ్ణీళ్ల చెంబులే. శుక్రవారం నుంచి పనమ్మాయి కూడా రావడం మానేసింది. నాకు మాత్రం అప్పటికే తగ్గిపోయింది. ఇంటి మొత్తానికి నేనొక్కణ్ణే ఆరోగ్యవంతుణ్ణి. అందరూ నన్ను చూసి అసూయపడుతున్నారు. "ఈయనకేం, రాయిలాంటి మనిషి" అంది మా ఆవిడ. నేను వినయంగా తల దించుకున్నాను.

విచారణ మొదలైంది. శ్రావణ శుక్రవారం వ్రతానికని మా ఆవిడ తలంటుకుని, జుట్టు ఆరకుండా ఫ్యాను కింద కూర్చుందని అమ్మ అభియోగం. కాదు, రాత్రిపూట పెరుగు వద్దంటే వినకుండా అత్తయ్యే పిల్లకి కలిపి పెట్టారని మా ఆవిడ జవాబు. బెంచీలో పక్కనమ్మాయి దగ్గుతోందని మా అమ్మాయి. కొంపల్లిలో నీళ్లు మారాయని, బోరు నీళ్లు పడలేదని పై ఫ్లాటు ఆంటీ. ఫోనులో మా బావమరిది "ఇమ్యూనిటీ తగ్గిందక్కా మీ ఇంట్లో" అన్నాడు, అంటే తప్పు రోగులదేనన్నమాట. మానేసే ముందు రోజు పనమ్మాయి అంది, ఆ రోజు అమ్మగారు కట్టుకున్న పట్టుచీర మీద ఎన్ని కళ్లు పడ్డాయో అని. మా ఆవిడకి దిష్టి మీద నమ్మకం లేదు కానీ, ఈ వాదన విన్నాక కాసేపు ఏమీ అనలేదు.

మందుల షాపాయన మాట నాకు అన్నిటికన్నా నచ్చింది. "ఇప్పుడు అందరికీ ఇదే నడుస్తోంది సార్." ఎంత గొప్ప వాక్యమో చూడండి. దీనిలో ఎవరూ ఏమీ చెయ్యలేదు. జబ్బే తనంతట తాను నడుచుకుంటూ వచ్చి, మన ఇల్లు తలుపు తీసి ఉంటే లోపలికొచ్చి, టీ తాగి పక్కింటికి వెళ్లింది. మా శాఖలో ఇలాంటి వాక్యం రాయగలిగినవాడుంటే ఎన్ని కుంభకోణాలు ప్రశాంతంగా మూతపడేవో.

ఇక నా పని ఏమిటంటే, ఈ సిద్ధాంతాల్లో ఏదీ చచ్చిపోకుండా చూసుకోవడం. అన్నీ బతికుంటే నేను బతుకుతాను. రాత్రిళ్లు అందరూ దగ్గుకుంటూ పడుకున్నాక ఫోనులో జలుబు శాస్త్రం చదివాను. ఇంగ్లండులో సాల్స్‌బరీ అనే చోట 1946 నుంచి నలభై ఏళ్లకి పైగా జలుబు మీదే పరిశోధన చేసిన కేంద్రం ఒకటుండేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తామే ముందుకొచ్చి ముక్కులో జలుబు చుక్కలు వేయించుకునేవారట. కొందర్ని తడిపి, తడిబట్టలతో చల్లగాలి కొట్టేచోట నిలబెట్టి కూడా చూశారు. అంతమాత్రాన జలుబు ఎక్కువగా రాలేదు. పొద్దున్నే వంటింట్లోకెళ్లి మా ఆవిడ చెవిలో ఈ సంగతి ఊదాను. "తడిజుట్టుకీ జలుబుకీ సంబంధం లేదు. సైన్సు చెప్పింది. నీ తప్పేం లేదు." ఆమె మొహం విప్పారింది.

అటునుంచి హాల్లోకొచ్చి అమ్మ పక్కన కూర్చుని ఇంకో పరిశోధన ఎత్తుకున్నాను. 2005లో కార్డిఫ్‌లో 180 మందిని పోగేసి, సగం మంది కాళ్లు ఇరవై నిమిషాలు చన్నీళ్లలో పెట్టించారు. మిగతావాళ్లు మేజోళ్లూ బూట్లూ విప్పకుండా ఖాళీ తొట్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత నాలుగైదు రోజుల్లో జలుబు చేసిందన్నవాళ్లు చన్నీళ్ల జట్టులోనే ఎక్కువ. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. చల్లదనం తగిలితే జలుబు చేస్తుంది" అన్నాను. అమ్మ కూడా సంతోషించింది. "నేను ముందే చెప్పానా, ఈ కాలం వాళ్లు వింటేగా" అంది వంటింటి వైపు చూస్తూ. రెండూ నిజమైన పరిశోధనలే. ఏదీ అబద్ధం చెప్పలేదు. ఏది ఎవరికి చెప్పాలో మాత్రం నేను నిర్ణయించాను. మంచివాడనిపించుకుంటూ అత్తాకోడళ్లకి తగువు పెట్టడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

అయినా భయం పోలేదు. వైరస్ అన్న మాట ఎవరూ ఎత్తకుండా ఉండాలి. ముక్కుకి జలుబు తెచ్చే వైరస్‌లు నూటికి పైగా రకాలున్నాయని, ఒకటి రెండు రోజుల్లో బయటపడతాయని, చేతుల మీదుగా, తుమ్ముల మీదుగా, ఒకే గ్లాసు మీదుగా పోతాయని ఇంట్లో తెలిస్తే, ఆదివారం నుంచి మంగళవారానికి ఎన్ని రోజులో మా అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టగలదు. అందుకని ఇంకో అడుగు వేశాను. చెప్పడానికి సిగ్గేస్తోంది. పదిహేనేళ్ల రొనాల్డ్ రాస్ భక్తుణ్ణి, మోండా మార్కెట్‌కి వెళ్లి, నా చేతులతో ఏరి, బూడిద గుమ్మడికాయ కొనుక్కొచ్చాను.

"దిష్టే అయ్యుంటుందమ్మా" అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నుదుటికి అమృతాంజనం పట్టించుకుంటున్నదల్లా ఆగిపోయింది. నేను ఊరుకోకుండా ఆధారాలు కూడా సమర్పించాను. ఇన్‌ఫ్లుయెంజా అన్న మాట కూడా ఇటలీ వాళ్లదే, దానికి అర్థం 'ప్రభావం', నక్షత్రాల ప్రభావం వల్ల ఆ జబ్బు వస్తుందని వాళ్లు పూర్వం నమ్మారు, అంత దూరాన ఉన్న చుక్కల చూపే తగిలితే కొంపల్లిలో కూర్చున్న ఆడవాళ్ల చూపు తగలదా అన్నాను. అమ్మ సీసా మూత పెడుతూ "వీడికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది" అంది మా ఆవిడతో. ఆ సీసా చూసి నేను మాట మార్చి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ఈ అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారని, తెలుగువాళ్ల తలనొప్పి ఆ రకంగా వృథా కాలేదని చెప్పాను. దొంగకి చరిత్ర బాగా గుర్తుంటుంది.

శనివారం సాయంత్రం అందరం హాల్లో కూర్చున్నాం. మధ్యలో ఆవిరి గిన్నె. పసుపు, తులసాకులు. ముగ్గురూ వంతులవారీగా దుప్పటి కప్పుకుంటున్నారు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టేసి వచ్చి, కేసు మూసేసిన తృప్తితో నేను పేపరు తిరగేస్తున్నాను. అప్పుడు దుప్పటిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎవరెన్ని చెప్పినా అసలు సంగతి వేరే ఉందే. ఆ రోజు బయల్దేరేటప్పుడు వీడు గడపలో తుమ్మాడు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. నిమిషం కూర్చుని లేచిపోయాడు. మనందరికీ ఈ జబ్బు వాడి తుమ్ము వల్లే."

నా చేతిలో పేపరు వణికింది. అమ్మ శకునం దారిన నడిచి, నేరుగా నా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. దారి తప్పు, చేరిన చోటు సరైనది. ఇప్పుడు దీన్ని కొట్టెయ్యాలి. ఎలా కొట్టెయ్యాలి? కంగారులో నాలోని పాత సైన్సువాది లేచి నిలబడ్డాడు. పదిహేనేళ్ల అలవాటు కదా, నోరు తనంతట తానే తెరుచుకుంది.

"నీ చాదస్తం గానీ, ఏ కాలంలో ఉన్నామమ్మా! తుమ్ముకీ జబ్బుకీ ఏమిటి సంబంధం?"

హాల్లో చప్పుడు లేదు. గిన్నెలో నీళ్లు కూడా పొగలు ఆపేసినట్టనిపించింది. మా అమ్మాయి నెమ్మదిగా దుప్పటి పక్కకి తీసి, ఎర్రటి ముక్కుతో నా వంక చూసింది. ఎనిమిదో తరగతి. వాళ్ల సైన్సు పుస్తకంలో సూక్ష్మజీవుల పాఠం మొన్ననే అయింది.

"నాన్నా, ఇంకోసారి చెప్పు. దేనికీ దేనికీ సంబంధం లేదు?"

నేను చెప్పలేదు. మా ఆవిడ లేచి బాత్రూములోకెళ్లి, ఉతకాల్సిన బట్టల్లోంచి నా చొక్కా తెచ్చింది. జేబులోంచి పట్టీ తీసింది. పది గుంటల్లో నాలుగు ఖాళీ. "డస్ట్ ఎలర్జీకే వేసుకున్నాను" అన్నాను. "ఎప్పుడు కొన్నారు?" "గుర్తులేదు." గుర్తులేదు అనే జవాబు నేనే ఎన్ని వందలమంది దగ్గర విని, నమ్మశక్యంగా లేదు అని రాశానో! మా అమ్మాయి నా ఫోను తీసుకుంది. డబ్బులు పంపిన జాబితా కిందికి జరిపింది.

"శనివారం సాయంత్రం ఏడూ నలభై రెండు. మెడికల్ షాపు. నలభై ఆరు రూపాయలు" అని చదివింది.

వోచరు. తేదీ, సమయం, మొత్తం. ఇంతకన్నా శుభ్రమైన ఆధారం నా సర్వీసులో నాకెప్పుడూ దొరకలేదు. రోడ్డు మీద మిర్చిబజ్జీల బండికి కూడా ఫోనుతోనే చెల్లించే ఈ పాడు అలవాటు లేకపోతే బతికిపోయేవాణ్ణి.

మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. వంటింట్లోకి చూపు తిప్పి, మళ్లీ నా వైపు చూసింది. ఆ చూపు ఉత్తర్వే. ఆ పూట నుంచి వంట నాది, అంట్లు నావి, ఆవిరి నీళ్లు నావి. మిరియాల చారు పెట్టాను. మిరియాలు ఎన్ని వెయ్యాలో తెలియక గుప్పెడు వేశాను. ముగ్గురికీ ముక్కులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి, కళ్లు కూడా. రెండో రోజు చేతికి వాతలు, బొటనవేలికి చాకు గాటు. ఈ వారం రోజుల్లో బాధ్యులెవరో తేల్చడానికి నేను పెట్టిన సమయంలో పదో వంతు పెట్టి ఉంటే చారు పెట్టడం నేర్చుకునేవాణ్ణి.

అమ్మ మాత్రం నన్ను వదులుకోలేదు. అంట్లు తోముతుంటే వచ్చి వెనక నిలబడి, మా ఆవిడకి వినబడేలా అంది. "వాడేం చేస్తాడే? ఆ ఆఫీసులో ఎవడో అంటించి ఉంటాడు వెధవ." తల్లి మనసు కదా, నా మీదున్న ఆడిట్ పారాని పై అధికారికి బదిలీ చేసింది. నాకూ ఆశ పుట్టింది. సోమవారం పక్క సీటు ఆయన్ని అడిగాను. వాళ్లబ్బాయి ట్యూషన్ నుంచి తెచ్చాడన్నాడు. ట్యూషన్లో ఎవరు? వాళ్లింట్లో అప్పుడు ట్యూషన్ మాస్టారిని తప్పుబడుతున్నారట, ఆయన గదిలో కిటికీలు తియ్యడని. మాస్టారి భార్య ఎవర్ని తప్పుబడుతోందో నేను అడగలేదు. ఫైలు అక్కడ పెండింగులో ఉంది.

గుమ్మడికాయ ఇంకా మా గుమ్మానికే ఉంది. తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. "నువ్వే కదరా తెచ్చావు" అంటుంది.

వినాయకచవితి వెళ్లిన వారానికి మళ్లీ గొంతులో ముల్లు. ఈసారి బుద్ధిగా ఇంట్లో చెప్పేశాను. నా కంచం, గ్లాసు, తువ్వాలు వేరు చేశారు. తుమ్ము వచ్చే సూచన కనిపిస్తే ముగ్గురూ ఒక్కసారే వీధి తలుపు వైపు వేలు చూపిస్తారు. నేను లేచి, మెట్లు దిగి, సెల్లారులోకి పోయి అక్కడ తుమ్మి వస్తాను. మూడో రోజు రాత్రి అలా కార్ల మధ్య నిలబడి తుమ్ముతుంటే వాచ్‌మన్ కుర్చీలోంచి లేచొచ్చాడు. "జలుబా సార్?" అని అడిగాడు.

"అబ్బే, డస్ట్ ఎలర్జీ" అన్నాను.

నిన్నటి నుంచి వాచ్‌మన్ జ్వరమని పడుకున్నాడు. మోటారు వేసే దిక్కు లేక మూడు అంతస్తులకి నీళ్లు లేవు. దీనికి కారణం ఏమై ఉంటుందని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దుటి నుంచి చర్చ నడుస్తోంది. సెల్లారులో తడి అని ఒకరు, నిమజ్జనంలో వానకి తడిశాడని ఒకరు. వాతావరణం మారింది కదా, అదే అయ్యుంటుందని పై ఫ్లాటు ఆంటీ పెట్టింది. దాని కింద పదకొండు బొటనవేళ్లు. పన్నెండోది నాది.